వెర్నన్ కోచ్ మేకను వాపసు ఇచ్చిన శుక్రవారం

శుక్రవారం పొద్దున వెర్నన్ హాచెల్ వేసుకున్న పథకంలో మేక లేదు. లేవడం, మోకాళ్ళకు ఐసు ముక్కలు కట్టుకోవడం, అరడజను గుడ్లు వేయించుకుని తినడం, సాయంత్రం దాకా ఎవరి కంటా పడకుండా ఆట గురించి ఆలోచించుకోవడం, అంతే. ఆ సాయంత్రం ఆట పక్క ఊరు పార్డెల్ హైస్కూలు జట్టుతో. వెర్నన్ కోచ్‌గా వచ్చినప్పటి నుంచి ఆ జట్టు చేతిలో వరసగా మూడేళ్ళూ చిత్తుగా ఓడాడు. స్కూలు బోర్డు పెద్ద, టైర్ల కొట్టు యజమాని హోలిస్ గ్రాంట్, మొన్న ఆదివారం చర్చి మెట్ల మీదే భుజం తట్టి సంగతి తేల్చేశాడు. "ఈసారి కూడా ఓడావనుకో, సోమవారం మీటింగులో నీ కాంట్రాక్టు చింపేస్తాం. ఏమీ అనుకోకు." టెక్సాస్‌లో ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టరు.

వెర్నన్ ఒకప్పుడు టీవీలో చూపించే పెద్ద జట్టులోనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. మనిషి ఆరున్నర అడుగులు, ఎడ్లబండికి సరిపడా బరువు. బంతి పట్టుకున్నవాడి మీదికి దూకేవాళ్ళను గోడలా అడ్డుకోవడం అతని పని. మొత్తం నాలుగేళ్ళు జట్టులో ఉన్నాడు గానీ, అందులో మూడేళ్ళు బెంచీ గాలికి ఎగిరిపోకుండా కూర్చున్నాడు. తర్వాత మోకాళ్ళు పోయాయి. ఈ ఊరి హైస్కూలు పిలిచి కోచ్ ఉద్యోగం ఇచ్చింది. ఇది కూడా పోతే మళ్ళీ ఇంకో ఊరు, ఇంకో అద్దె ఇల్లు. భార్య డార్లాకు ఇక్కడి ఆసుపత్రిలో ఈ మధ్యే హెడ్ నర్సు పదవి వచ్చింది. "ఇంకోసారి సామాను సర్దమంటే నిన్ను కూడా అట్టపెట్టెలో పెట్టి ఇక్కడే వదిలేస్తా" అని ఆమె ముందే చెప్పింది. వెర్నన్ పైకి నవ్వాడు గానీ, లోపల నిజంగానే భయపడ్డాడు. అతనికి ఈ ఆట తప్ప మరో పని చేతకాదు.

డార్లా చీకటితోనే డ్యూటీకి వెళ్ళిపోయింది. వెర్నన్ ఐసు కోసం గ్యారేజీ తలుపు తీశాడు. లోపల ఒక తెల్లమేక నిలబడి అతని పాత జెర్సీని తాపీగా నములుతోంది.

ఇంకెక్కడైనా అయితే ఎవరి మేక ఇది అని అడుగుతారు. పార్డెల్‌తో ఆట ఉన్న వారంలో ఆ ఊళ్ళో ఎవరికీ ఆ ప్రశ్నే పుట్టదు. పార్డెల్ జట్టు పేరే మేకపోతులు. వాళ్ళకొక తెల్లమేక ఉంది. ప్రతి ఆటకూ దాని కొమ్ములకు ఎర్రరంగు వేసి మైదానం చుట్టూ ఊరేగిస్తారు. దాన్ని ఎత్తుకురావడం ఈ ఊరి కుర్రాళ్ళకు తాతల నాటి సరదా. కిందటేడాది దానికి ఒళ్ళంతా నీలం పూసి వదిలారు. అది చూసి రెండు స్కూళ్ళ పెద్దలూ మండిపడి, ఏ విద్యార్థి ఆ మేక మీద చెయ్యి వేసినా అతని జట్టు ఆడకుండానే ఓడినట్టు అని రూలు పెట్టారు.

"చచ్చాం!" అన్నాడు వెర్నన్. తన వెధవలే కోచ్‌కు కానుకగా తెచ్చి పడేశారన్న విషయంలో అతనికి రవ్వంత అనుమానం కూడా రాలేదు. వెంటనే వంటింట్లోంచి తన కింద పనిచేసే చిన్న కోచ్ స్కీటర్‌కు ఫోన్ కొట్టాడు.

"స్కీటర్! మేకను ఎవడు లేపుకొచ్చాడురా?"

"ఏ మేక కోచ్?"

"పార్డెల్ మేక! నా గ్యారేజీలో నా జెర్సీ తింటోంది!"

"అబ్బో! మనవాళ్ళేనా? మొనగాళ్ళు కోచ్!"

"మొనగాళ్ళు కాదురా, నా పాలిట యముళ్ళు! ఎవడో గుట్టుగా కనుక్కో. ఒక్కడికి కూడా చెప్పకు."

స్కీటర్ ఎవరికీ చెప్పలేదు. జట్టులో ఉన్న ప్రతి ఒక్కరినీ పక్కకు పిలిచి "పార్డెల్ మేక సంగతి నీకేమైనా తెలుసా?" అని గుసగుసగా అడిగాడు, అంతే. రెండో పీరియడు అయ్యేసరికి స్కూలంతా పండగ చేసుకుంటోంది. ఎత్తుకొచ్చింది నేనంటే నేనని నలుగురైదుగురు కొట్టుకోబోయారు కూడా. ఇంకాసేపటికి హోలిస్ గ్రాంట్ ఫోన్ చేశాడు.

"వెర్నన్, మేక మీ ఇంట్లో ఉందటగా! మా ఆవిడ చూస్తానని గోల పెడుతోంది."

"మేకా లేదు, గీకా లేదు హోలిస్. ఎవడన్నాడు?"

వెనకాల మేక గట్టిగా అరిచింది.

"ఏంటది?"

"నేనే. గొంతు బాగాలేదు."

ఇక లాభం లేదనుకున్నాడు వెర్నన్. ఎవరూ చూడకముందే దాన్ని దాని దొడ్లో పడేసి వస్తే గొడవ వదిలిపోతుంది. మేకను ట్రక్కు వెనక ఎక్కించి, పైన డార్లా దుప్పటి కప్పి పార్డెల్‌కు పోనిచ్చాడు. దారి పొడుగునా మేక దుప్పటి కూడా కొంత తిన్నది.

పార్డెల్ మైదానం వెనక ఆ దొడ్డి ఉంది. కాపలా పిల్లలు మధ్యాహ్నం తిండికి పోయారు. వెర్నన్ మేకను రెండు చేతులా ఎత్తి కంచె మీదుగా లోపలికి దించాడు. హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకుంటుండగా, లోపలి పాకలోంచి అచ్చం అలాంటి తెల్లమేకే ఇంకొకటి నడుచుకుంటూ వచ్చింది.

వెర్నన్ ఒకసారి ఆ మేకనూ, ఒకసారి ఈ మేకనూ చూశాడు. వీళ్ళ మేక ఇక్కడే ఉంటే, మరి నేను తెచ్చింది ఎవరిది? ఎవరి సొమ్మో ఇక్కడ పడేసి పోతే ఇంకో తలనొప్పి. గబగబా కంచె ఎక్కాడు. ప్యాంటు వెనక నిలువునా చిరిగింది. ఈలోగా రెండు మేకలూ పాకలోకి పోయి, కలిసిపోయి, మళ్ళీ బయటికి వచ్చాయి. రెండూ అతణ్ణి ఒకేలా ఈసడింపుగా చూశాయి. కాసేపు తేరిపార చూసి, ఇదే నాదని గట్టిగా నమ్మి, ఒకదాన్ని భుజాన వేసుకున్నాడు. సరిగ్గా ఒక కాలు కంచెకు అటూ ఒక కాలు ఇటూ ఉండగా పార్డెల్ కోచ్ బడ్ ఓక్లీ, చేతిలో సాండ్‌విచ్‌తో ప్రత్యక్షమయ్యాడు.

"వెర్నన్?"

"బడ్."

"అది మా మేక కదూ?"

"కాదు బడ్. మీ మేకను వాపసు ఇచ్చేద్దామని వచ్చాను."

"ఇస్తున్నావా, పట్టుకుపోతున్నావా?"

"ఇచ్చేశాను. ఇప్పుడు పట్టుకుపోతున్నాను." ఆ మాట ఎలా ఉందో అన్న తర్వాత గానీ వెర్నన్‌కు తెలియలేదు.

బడ్ మేక చెవి వెనక్కి తిప్పి చూపించాడు. అక్కడి బిళ్ళ మీద పార్డెల్ స్కూలు పేరు చక్కగా ఉంది. వెర్నన్ కిందికి దిగడానికి బడ్ పిలిపించిన నలుగురు పోలీసులు సాయం పట్టాల్సి వచ్చింది. తర్వాత స్టేషన్‌లో ఆ నలుగురూ అతనితో ఫోటోలు దిగి, తెలిసినవాళ్ళందరికీ పంపారు. పెద్ద జట్టులో ఆడినవాడు మేక దొంగతనంలో దొరకడం వాళ్ళకు ఇదే మొదలు.

వెర్నన్ భార్యకు ఫోన్ చేశాడు. "డార్లా, నేను పార్డెల్ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాను."

"అది తర్వాత చెబుదువు గానీ, ఇంటికొచ్చి చూస్తే మేక లేదు. మా అక్క మేక ఏదీ?"

"మీ అక్క మేకా?"

"పెరట్లో పిచ్చిమొక్కలు నడుం దాకా పెరిగాయి. నువ్వెలాగూ కొయ్యవు. మేక అయినా తింటుందని రాత్రి తెచ్చి గ్యారేజీలో ఉంచాను. గురక పెట్టి నిద్రపోతున్నావని లేపలేదు. ఏం చేశావు దాన్ని?"

వెర్నన్ దగ్గరలో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం పోయింది, పరువు పోయింది, ఆఖరికి వదినగారి మేక కూడా పోయింది. ఏడుపు వచ్చింది. ఏడ్చాడు కూడా.

రూలులో విద్యార్థి అని మాత్రమే ఉంది. కోచ్ కంచె దూకుతాడని రాసినవాళ్ళ ఊహకు అందలేదు. కాబట్టి ఆట ఆగలేదు. పోలీసులు కేసు రాయకుండా వదిలి, అతణ్ణి మైదానం దగ్గర దింపేసరికి సగం ఆట అయిపోయింది. చిరిగిన ప్యాంటు, ఒంటి నిండా మేక వెంట్రుకలు. తిట్లకు సిద్ధపడి, తల దించుకుని లోపలికి అడుగుపెట్టాడు. అతని ఊరి జనమంతా ఒక్కసారి లేచి నిలబడి "మే... మే..." అని మైదానం అదిరిపోయేలా అరిచారు. హోలిస్ గ్రాంట్ పరిగెత్తుకొచ్చి అతణ్ణి వాటేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"పట్టపగలు! ఒంటరిగా! పిల్లల్ని పంపకుండా నువ్వే దూకావా! మా తాత హయాం నుంచి ఏ కోచ్‌కూ ఇంత దమ్ము లేదయ్యా!"

"హోలిస్, నేను వాపసు ఇవ్వడానికి వెళ్ళానయ్యా, ఒట్టు!"

"అదీ మాటంటే! ఎవరడిగినా ఇదే చెప్పు. చచ్చినా ఒప్పుకోకు!"

సోమవారం మీటింగులో వెర్నన్ నిజం చెప్పబోయాడు. పక్కన కూర్చున్న డార్లా కాలు తొక్కింది. బోర్డులో ప్రతి ఒక్కరూ చెయ్యెత్తి అతని కాంట్రాక్టును ఇంకో ఐదేళ్ళు పొడిగించారు.

శుక్రవారం ఆటలో నలభై ఒకటికి ఆరుతో ఓడిపోయిన సంగతి మాత్రం అక్కడ ఎవరూ ఎత్తలేదు.