గొర్రెపిల్లకు మంత్రిగారి కోటు

“ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ గొర్రెపిల్లా చలికి వణకరాదు” అని గొర్రెలు, మేకలు మరియు ముసురు సమన్వయ శాఖామాత్యులు ప్రకటించారు. హాల్లో ఏసీ కాస్త ఎక్కువైనందువల్ల ఆ ప్రకటనను ఆయన శాలువా కప్పుకునే చదివారు. చలి అంటే ఏమిటో అనుభవించి మాట్లాడే నాయకుడు దొరికినందుకు ముందు వరుసవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు.

పథకం పేరు ‘పసికూన రక్షాకవచం’. పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ ఒక పాలిస్టర్ కోటు. కోటుకి రెండు పక్కలా మంత్రిగారి నవ్వు ముఖం. “ఇన్నేళ్లూ గొర్రె తన ఉన్ని మనకిచ్చింది. ఇప్పుడు మన వంతు” అన్నారాయన గద్గద స్వరంతో. మన వైపు గొర్రెలకి ఉన్ని ఉండదనీ, ఉండేది వట్టి వెంట్రుకలేననీ చెప్పి ఆ స్వరానికి అడ్డు తగలడానికి ఎవరికీ మనసు రాలేదు.

ప్రారంభోత్సవం చీరాలకి ఎగువన ఒక ఊళ్లో. ఏర్పాట్ల భారం మండల పార్టీ కన్వీనర్ నాగేంద్రబాబు మీద పడింది. మార్కెట్ యార్డు డైరెక్టర్ పదవి కోసం ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపుల్లో వేయించిన ఫ్లెక్సీలన్నీ వరసగా కప్పితే గుంటూరు దాకా తడవకుండా నడిచి వెళ్లొచ్చు.

“బాబుగారూ, పిల్లలు ఆ పూట పుట్టినవే కావాలి. ముందు రోజువి కెమెరాలో ముదురుగా కనపడతాయి” అన్నాడు మంత్రిగారి పి.ఏ. చైతన్యకృష్ణ ఫోన్లో.

“మా పెద్దమ్మ మంద ఉంది సార్. ఈనే రోజులే” అన్నాడు నాగేంద్రబాబు. పార్టీ కోసం పెద్దమ్మనైనా ఇచ్చేసే రకం.

ఆ పెద్దమ్మ సుబ్బరావమ్మ. మిరప చేల మధ్య, మొక్కజొన్న వేద్దామని ఖాళీగా ఉంచిన చేలో, గొర్రెల ఎరువు కోసం రైతు పిలిస్తే మంద కట్టింది. నిరుడు ఇలాంటి ముసురులోనే ఆరుబయట ఈనిన పిల్లలు సగానికి సగం పోయాయి. ఈ ఏడూ పోతే తల్లిగొర్రెల్ని తెగనమ్ముకుని చీరాల మగ్గాల షెడ్డులో కూలికి పోవడమే. అందుకే మబ్బు పట్టగానే వెళ్లి పక్క చేలో ఉన్న మీరా హుస్సేన్ పొగాకు ఆరబెట్టే బ్యారన్ అడిగిపెట్టుకుంది. ఆకు ఆరబెట్టడానికి పొయ్యి మండించే రోజులు ఇంకా రాలేదు గనక బ్యారన్ ఖాళీగానే ఉంది. నాలుగు గోడలు, పైన రేకులు, లోపల చుక్క తడి లేదు. “తాళం తీసే ఉంచానక్కా, పిల్లల్ని లోపలేసుకో” అన్నాడు హుస్సేన్. ప్రెస్‌మీట్ పెట్టకుండా ఇంత మాట అనేసే మనుషులు ఇంకా ఉన్నారు.

ప్రారంభోత్సవం రోజు తెల్లవారినా ముసురు వదల్లేదు. మూడు గొర్రెలు ఈనాయి. అందులో ఒకటి తొలిచూలుది. దానికి నల్ల చెవి పిల్ల పుట్టింది. సుబ్బరావమ్మ ఆ పిల్లని గోనెపట్టాలో ఎత్తుకుని బ్యారన్ వైపు అడుగేసింది.

“పెద్దమ్మా, ఆగాగు! బ్యారన్‌లోకి తీసుకెళ్లొద్దు!” అని పరిగెత్తుకొచ్చాడు నాగేంద్రబాబు, గొడుగు కింద.

“తడిసిపోతందిరా!”

“తడవాలే. పొడిగా వెచ్చగా ఉన్నదానికి కోటేస్తే మంత్రిగారు కాపాడింది ఏంటని అడగరా జనం?”

“పోనీ ఆ టెంటులో పెట్టనీ.”

సభ కోసం వేసిన ఆ టెంటు చూడముచ్చటగా ఉంది. చినుకు దిగదు, కింద ఎర్ర తివాచీ, మూల హీటరు. కానీ మంత్రిగారు ఇంకా రిబ్బను కత్తిరించలేదు. రిబ్బను కత్తిరించని వెచ్చదనాన్ని వాడుకోవడం ప్రోటోకాల్ ఒప్పుకోదు. అందుచేత పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసి పూలు చుట్టిన బుట్టలో పెట్టి, టెంటు బయట వానలో ఉంచారు.

“షెడ్డు శాంక్షన్ చేయిస్తా పెద్దమ్మా, ఒక్క గంట ఓర్చుకో” అన్నాడు నాగేంద్రబాబు. సుబ్బరావమ్మ నమ్మింది. చిన్నప్పుడు తన చేత్తో అన్నం తిన్నవాడాయె.

చైతన్యకృష్ణ ముందుగా దిగి, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. మంత్రిగారికి గొర్రె వాసన పడదట. బ్యాగులోంచి సెంటు సీసా తీసి కోట్ల మీద కొట్టాడు. మిగిలింది పిల్లల మీద కొట్టాడు. గుమగుమలాడిపోయింది చేనంతా.

నాగేంద్రబాబు ఈ పెద్దమ్మ మంద వెనకాలే పెరిగాడు. తల్లిగొర్రె తన పిల్లని వాసన చూసే పట్టుకుంటుందనీ, వాసన మారితే పొదుగు దగ్గరికి రానివ్వదనీ ఆయనకి తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు కూడా.

“ఏంటి బాబుగారూ?”

“ఏం లేదు సార్. మంచి సెంటు.”

దారిలో సన్మానాలు ఎక్కువైనందువల్ల మంత్రిగారు మధ్యాహ్నం దాటాక వచ్చారు. నల్ల చెవి పిల్లని ఎత్తుకుని తన చేతుల మీదుగా కోటు తొడిగారు. తొడిగాక చూస్తే ఫొటో సరిగ్గా తోక కిందికి వచ్చింది. విప్పి తిప్పి తొడిగారు. ఈసారి ముఖం పొట్ట కిందికి పోయింది. ఫొటో అందరికీ కనపడేలా కుదిరేసరికి పిల్ల వణకడం మానేసింది.

“చూశారా! కోటు పడగానే వణుకు పోయింది!” అన్నారు మంత్రిగారు. కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. ఆయన వెళ్లాక హీటరు వెళ్లింది, హీటరు వెనక తివాచీ, తివాచీ వెనక టెంటూ వెళ్లిపోయాయి. పిల్ల మాత్రం వానలో మిగిలింది.

తల్లి పరిగెత్తుకొచ్చింది. మూతి దగ్గరపెట్టి వాసన చూసింది. వెనక్కి తగ్గి, తలతో ఒక్క పోటు పొడిచింది. పిల్ల బురదలో పడింది.

సుబ్బరావమ్మ ఇక ఎవరి మాటా వినలేదు. మిగతా రెండు పిల్లలకి కార్యకర్తలు తొడిగిన కోట్లూ పీకి అవతల పారేసి, గోనెపట్టాతో రుద్ది, తల్లులు పడేసిన మాయని వాటి ఒంటికి రాసి, తల్లులతో పాటు బ్యారన్‌లోకి తోలింది. కాసేపటికి అవి తోకలాడిస్తూ పాలు చీకడం మొదలెట్టాయి. ఆవిడ నల్ల చెవి పిల్ల కోటు మీద చెయ్యి వేసేసరికి నాగేంద్రబాబు అడ్డం వచ్చాడు.

“దీనికి తియ్యొద్దు పెద్దమ్మా. మంత్రిగారు స్వయంగా తొడిగింది. సాయంత్రం చానల్ వాళ్లు ఫాలో-అప్‌కి వస్తారంట, కోటుతో ఇక్కడే ఉంచమని పి.ఏ. గారు మరీ మరీ చెప్పారు.”

“పాలు తాక్కపోతే దాని ఒంట్లోకి వేడి ఎట్టా వచ్చిద్దిరా? ఆ గుడ్డ చూడు, పిండితే చెంబెడు నీళ్లు కారతయ్యి!”

“ఈ ఒక్క పూటే. నా పదవి పెద్దమ్మా.”

సుబ్బరావమ్మ వాడి ముఖంలోకి చూసింది. తొలిచూలు గొర్రెని మెడ పట్టి వంచి, పిల్ల నోటికి పొదుగు అందించబోయింది. గొర్రె విదిలించుకుని పారిపోయింది. నాలుగుసార్లు పట్టుకుంటే నాలుగుసార్లూ పారిపోయింది. పిల్ల అరుపు సన్నబడుతూ వచ్చింది. నాగేంద్రబాబు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన పదవి ఆ రోడ్డు మీదే రావాలి మరి.

చానల్ వాళ్లు రాలేదు. మంత్రిగారు దారిలో ఇంకోచోట ఇంకేదో ప్రారంభించారట, అందరూ అటు పోయారు. సందె వేళకి పిల్ల అరవడం ఆపేసింది. సుబ్బరావమ్మ దాని మూతి దగ్గర చెయ్యి పెట్టి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది.

“బాబుగారూ, సూపర్ హిట్! సార్ మీ పేరు రెండుసార్లు అన్నారు. చిన్న రిపోర్టు పంపాలి. కోటు వేసుకున్న పిల్లల్లో ఏమన్నా పోయాయా?”

“ఒక్క నిమిషం సార్.”

నాగేంద్రబాబు ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి బురదలో గొంతుక్కూర్చున్నాడు. బిగుసుకున్న ముడులు ఒక్కోటీ విప్పాడు. కోటు తీసి, నీళ్లు పిండి, మంత్రిగారి ముఖం మడత పడకుండా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

“లేదు సార్. ఒక్కటీ పోలేదు.”

సుబ్బరావమ్మ గట్టు పక్కన పారతో గుంట తీసింది. నల్ల చెవి పిల్లని రెండు చేతుల్లోకీ ఎత్తుకుంది.

“ఆ కోటు ఇట్టా తేరా. వట్టి మట్టిలో ఎట్టా పెడతాం, దాంట్లో చుట్టి పెడదాం.”

నాగేంద్రబాబు చంక గట్టిగా బిగించాడు.

“వద్దు పెద్దమ్మా. కోటుతో పూడిస్తే లెక్కలోకొచ్చిద్ది.”