మూడు రోజుల గృధ్రసి

బామ్మర్ది పెళ్లికి నస్పూరు పోవాలంటే రాయమల్లుకు మూడు రోజుల సెలవు కావాలి. బొగ్గుగని ఆఫీసులో లింగమూర్తి సారు పెళ్లి పేరు చెబితే ఇవ్వడు. కిందటేడు అన్న కొడుకు పెళ్లికి అడిగితే, "పెండ్లి వానిది, సెలవు నీకెందుకు?" అన్నాడు. అందుకే ఈసారి రాయమల్లు పొద్దున్నే వేపపుల్ల నోట్లోంచి తీసి, మంచిర్యాల బజారులో వైద్యుడి బోర్డు మీద చూసిన రోగం పేరు సాధన మొదలుపెట్టాడు. ఆ రోగమేమిటో అతనికి తెలియదు. పలకబోతేనే నాలుక మెలిపడుతోంది కనుక పెద్దదే అయి ఉంటుందని నమ్మకం.

"గృ... గృధ్ర... గృధ్రసి!"

"పొద్దుగాల్నే ఎవర్ని తిడుతున్నవ్?" అంది భార్య పూలమ్మ.

"తిట్టు కాదే, సెలవు! నీ తమ్ముని పెండ్లికి నేను రాకుంటే మీ అవ్వ నన్ను బతకనిస్తదా?"

ఆఫీసులో ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "సార్, నాకు గృధ్రసి."

లింగమూర్తికి తెలియని మాట లేదని గని అంతా అనుకుంటుంది. అలా అనుకునేలా చేసింది లింగమూర్తే. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అరెరే, గృధ్రసా! ముదిరిందా?"

"బాగ ముదిరింది సార్."

ఆయన కుర్చీ గోడదాకా జరిగింది. "నడువ్ నడువ్! మూడు రోజులు ఇటు దిక్కు రాకు!" అని తరిమి, రాయమల్లు చెయ్యి ఆనిన బల్లను ఫినాయిలుతో కడిగించాడు.

అదే కొంప ముంచింది. సారే బల్ల కడిగించాడంటే అది అంటురోగమే. సాయంత్రానికి రాయమల్లు క్వార్టరు ముందు సున్నం చల్లారు. నల్లా దగ్గర పొరుగింటి సారవ్వ, "ఏమనుకోకు పూలమ్మా, గా రోగం నీళ్లల్ల పారుతదట" అంటూ బిందెను పక్కకు నెట్టింది. ఎదురింటి సర్వర్, "గాలిల వస్తదక్కా, ఊపిరి బందు పెట్టాలె" అన్న ఆ రెండు ముక్కలూ ఊపిరి బిగబట్టే చెప్పి పరుగెత్తాడు. మర్నాడు తెల్లారేసరికి నస్పూరు నుంచి అత్త కబురు: పిల్ల తరఫువాళ్లు బెదిరిపోయారు, అల్లుడు వస్తే పెళ్లి ఆగిపోతుంది.

పూలమ్మ మొగుణ్ని దవాఖానకు ఈడ్చుకుపోయింది. "సారూ, ఈయనకు ఏ రోగం లేదని జెర చెప్పుండ్రి. రేపే మా తమ్ముని పెండ్లి!"

డాక్టరు రోగం పేరు విని నవ్వాడు. "మా నాయిన ఆయుర్వేదం మందులిచ్చేటప్పుడు అనేటోడు ఈ మాట. తుంటి కాడికెల్లి మడమ దాక గుంజే నొప్పమ్మా. అంటేది కాదు."

"గిదా!" అంది పూలమ్మ. "గనిల దిగెటోళ్లల్ల గిది లేనోడెవడు?"

ఈ సంగతి మధ్యాహ్నానికి లింగమూర్తి చెవిన పడింది. రాయమల్లును పిలిపించాడు.

"తుంటినొప్పికి సెలవా? గట్లయితే గని మొత్తం ఇంట్ల పండాలె! రేపు పొద్దటి షిఫ్టుకు రాకుంటే పనిల ఉండవు, సమజైందా?"

కేకలేస్తూ కుర్చీలోంచి లేవబోయి, తుంటి పట్టుకుని సగంలో ఆగిపోయాడు. ఆ నొప్పి ఆయనకు రెండేళ్లుగా ఉంది. దానికి ఇంత గొప్ప పేరుందని మాత్రం ఇవాళ్టిదాకా తెలియదు.

"రాయమల్లూ," అన్నాడు గొంతు తగ్గించి, "గా పేరు ఇంకోసారి మెల్లగ అను."

మరునాడు నస్పూరులో బాజాలు మోగే వేళకు, పూలమ్మ ఒక్కతే పెళ్లిపందిట్లో ఉంది. రాయమల్లు గనిలో బొగ్గు మోసే టబ్బు నింపుతున్నాడు. లింగమూర్తి సారు సెలవులో ఉన్నాడు. జబ్బు చాలా పెద్దదట, నెల దాకా లేవకూడదట.