ఉల్లిపొర రంగు కవచం వర్ధిల్లాలి!

ప్రపంచశాంతికి మార్గం దొరికింది! పెద్దపెద్ద దేశాల సమావేశాల్లో కాదు, నాందేడ్ బజారులో ఒక మ్యాచింగ్ సెంటర్ నడిపే గౌరవ్ అనే కుర్రాడి కంప్యూటర్లో. వీడియో గేముల్లో కవచాలకు రంగులు మార్చడం పనికిమాలిన పని అని నోరు పారేసుకునేవాళ్లు వెంటనే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. వాళ్లను క్షమించడానికి ఈ వ్యాసకర్త సిద్ధంగా ఉన్నాడు.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. అదొక కత్తులూ కోటలూ ఉండే గేమ్. గుట్ట మీద డ్రాగన్ కూర్చుని ఊళ్లు తగలబెడుతుంటుంది. మన వీరుడు కవచం తొడుక్కుని వెళ్లి దాన్ని చంపాలి. ఇది గేమ్ తయారుచేసినవాళ్ల కోరిక. గౌరవ్ కోరిక వేరు. డ్రాగన్ సంగతి తర్వాత, ముందు ఆ కవచం రంగేమిటి? ఇనుము రంగా! ఇనుము రంగేసుకుని నలుగురిలోకి ఎలా వెళతాడండీ మనిషి?

కవచం మీద కనిపించేదంతా నిజానికి ఒక బొమ్మే. ఆ బొమ్మను గేమ్‌లోంచి బయటికి తీసి, రంగు మార్చి, మళ్లీ తొడిగించవచ్చు. దీన్నే మోడింగ్ అంటారు. మార్చినదాన్ని ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడెక్కడి జనమో ఉచితంగా దించుకుంటారు. గౌరవ్ ఇప్పటికే రామా గ్రీన్ కవచం, క్యారెట్ రంగు గాజరీ కవచం, ఆనంద్ బ్లూ కవచం చేసి పెట్టాడు. పోలండ్‌లో ఒకాయన ఆనంద్ బ్లూ తొడుక్కుని గుర్రం ఎక్కి తిరుగుతున్నాడట. అది నాందేడ్‌లో జాకెట్టు ముక్కల రంగని ఆయనకెవరు చెప్పాలి?

మరి గౌరవ్ పుట్టి పెరిగింది ఆ ముక్కల మధ్యనే కదా! చీర తెచ్చి, దానికి సరిపోయే జాకెట్టు ముక్క అడిగే ఆడవాళ్లతో దుకాణం నిండి ఉంటుంది. అక్కడ ట్యూబ్‌లైటును ఎవరూ నమ్మరు. ముక్కను చీర మీద వేసి, రెండూ పట్టుకుని రోడ్డు మీదికొచ్చి, ఎండలో చూసి తల ఊపాకే కత్తెర ఆడుతుంది. "బయటికి తీస్కపోయి చూడు అక్కా, లోపట రంగు మోసం చేస్తది" అనేది గౌరవ్ రోజంతా అనే మాట. గేమ్‌లో కూడా అంతే. వీరుణ్ణి కోట లోపలి దివిటీల దగ్గర్నుంచి బయటికి నడిపించుకొస్తాడు. ఎండలో నిలబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పెదవి విరిచి, మళ్లీ లోపలికి తోలుకుపోతాడు.

ఫలితం? డ్రాగన్ హాయిగా ముసలిదవుతోంది! గౌరవ్ చేతిలో ఇంతవరకు ఒక్క ప్రాణి చావలేదు. వీరుడి కత్తికి రక్తం అంటలేదు, ఎందుకంటే ఆ కత్తి పిడి రంగు కూడా ఇంకా తేలలేదు. బాబ్లీ బ్యారేజీ దగ్గర నీళ్ల కోసం రెండు రాష్ట్రాలవాళ్లూ అన్నేళ్లు కొట్లాడుకున్నారే! ఆ రెండు పక్షాల లాయర్లను ఒక గదిలో కూర్చోబెట్టి, చెరో కవచం ఇచ్చి రంగు తేల్చమని చెప్పి ఉంటే ఈపాటికి గోదావరి తన దారిన తాను పోయేది.

ఇక ఈ కళ వల్ల ఇంటికి కలిగిన మేలు చూద్దాం. ఆ మేలంతా అనుభవించింది గౌరవ్ భార్య నేహ.

నేహ ముద్ఖేడ్ పిల్ల. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ మొగుడూ పెళ్లాల కాపురం కింది గదిలో, దుకాణం గుడ్డ థాన్ల మూటల మధ్య. అటు తిరిగితే లైనింగ్ గుడ్డ, ఇటు తిరిగితే చీర ఫాల్స్. వాళ్ల కోసం మేడ మీద ఒక గది కట్టించారు. కిటికీలు పెట్టారు, ఫ్యాన్ బిగించారు. సిమెంటు గోడలకు రంగు ఒక్కటే మిగిలింది.

"రంగు ఎయ్యని అర్రల కొత్త జంట మంచం ఎట్ల ఏస్తరు? నేనొప్ప" అంది అత్తగారు లీలాబాయి.

పెయింటర్ హన్మాండ్లు వచ్చి, గోడలు తడిమి, మెట్ల మీద కూర్చుని నేహను అడిగాడు. "రంగేందో చెప్పు వహినీ, ఇట్ల చేసి అట్ల పోత. దసరా దాటినంక మా ఊరు గోకుంద పోవాలె, పొలం పని ఉంటది. మల్ల నాతోని కాదు."

నేహ మొగుడి వంక చూసింది. గౌరవ్ షేడ్ కార్డును ఎండలో పట్టుకుని, కళ్లు చికిలించి, ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఆగు. గోడ రంగంటే రోజూ కండ్ల ముంగట ఉండేది. తొందరపడితే ఎట్ల? జర మంచిగ చూసి చెప్త."

చూసి చెబుతానన్న మనిషి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఒక కవచం మోచిప్పకు చింతామణి నీలం వేయసాగాడు. హన్మాండ్లు వేరే ఇంటికి పోయాడు. వినాయక చవితి వెళ్లిపోయింది.

"అత్తమ్మా, మీరన్న చెప్పుండ్రి ఆయనకు" అని నేహ మొత్తుకుంది.

"నా మాట ఇంటడా బిడ్డా? అద్దాలు మార్పియ్యమని ఎప్పటిసంది చెప్తున్న. రేపు తీస్కపోత అంటడు. నా కండ్లకు ఎరుపేందో పచ్చేందో అంత ఒక్కతీరే కనపడుతున్నది" అంది లీలాబాయి.

దుకాణానికి సెలవున్న ఒక రోజు, నేహ టీ ఇవ్వడానికి వెళ్లి కంప్యూటర్ తెర మీద రాతలు చదివింది. పోలండ్ ఆయన ఇంగ్లీషులో అడిగాడు, భుజం దగ్గర ఎరుపు కాస్త తగ్గిస్తారా అని. గౌరవ్ జవాబు దాని కిందనే ఉంది. 'తప్పకుండా, ప్రియమిత్రమా! మీకు ఎలాంటి ఎరుపు ఇష్టం? దానిమ్మగింజలాంటిదా, ఇటుకలాంటిదా? తొందరేమీ లేదు. మీరు చెప్పేదాకా ఎదురుచూస్తాను.'

నేహకు ఏడుపొచ్చింది. ఈ మనిషి తనను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నీకే రంగు ఇష్టం అని అడిగాడా? అడిగితే చెప్పడానికి జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది. కొత్త కోడలిగా దుకాణం చూడబోయిన రోజు పై అరలో కనబడింది, ఉల్లిపొర రంగు. ఉల్లిగడ్డ పైపొట్టు తీశాక లోపల కనిపించే ఆ లేత గులాబీ. ఆ గుడ్డలోంచి చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, బట్టల మధ్య దాచుకుంది. అడిగినప్పుడు చూపిద్దామని!

అడగరని తేలిపోయింది. నేహ కన్నీళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి, అదే వెబ్‌సైట్‌లో ఒక ఖాతా తెరిచింది. 'లార్డ్' అని మొదలయ్యే ఒక దొర పేరు పెట్టుకుంది. గౌరవ్ కవచాల కింద ఇంగ్లీషులో రాసింది, అయ్యా, నాకొక రంగంటే చాలా ఇష్టం, ఆ రంగులో కవచం చేసి పెడతారా అని.

పక్క గదిలోంచి జవాబు వచ్చేసింది. 'ప్రియమిత్రమా, మీ కోరికే నా భాగ్యం! ఆ రంగు గుడ్డ ఏదైనా ఉంటే ఫోటో పంపండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, పగటి వెలుగులో తీయండి. వెనక బూడిద రంగు ఉంటే అసలు రంగు ఇంకా బాగా తెలుస్తుంది.'

పగటి వెలుగు, వెనక బూడిద రంగు! ఆ రెండూ కలిసి ఉన్న చోటు ఆ ఇంట్లో ఒక్కటే. నేహ మేడ మీదికి వెళ్లి, ఉల్లిపొర రంగు ముక్కను సిమెంటు గోడకు ఆనించి ఫోటో తీసి పంపింది.

ఇక చూడాలి గౌరవ్ అవస్థ! తిండి మీద ధ్యాస లేదు. దుకాణంలో ఒకావిడ మెహందీ రంగు అడిగితే ఉల్లిపొర చేతిలో పెట్టాడు. కవచం పూర్తయి లోకంలోకి వెళ్లింది. వీరులంతా ఎగబడ్డారు. ఉల్లిపొర రంగు కవచం తొడుక్కున్నవాడికి ఎవరినైనా నరకాలని అనిపిస్తుందా చెప్పండి! శాంతి ఇంకో అడుగు ముందుకు వేసింది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ గౌరవ్ పొంగిపోయాడు.

"అమ్మా, ఏం గిరాకీ అనుకున్నవ్! గసొంటి నజర్ ఉన్న మనిషిని నేనింతవరకు చూడలే. ఏ దేశపోడో గని, రంగంటే ఏందో తెలిసినోడు." జొన్నరొట్టె తుంచుతూ ఒక్క క్షణం ఆగి జాలిపడ్డాడు. "గని పాపం. ఫోటోల గోడ చూసిన. వట్టి సిమెంటే. ఇంటికి రంగు గూడ ఏసుకోలే. ఇంట్ల పట్టించుకునేటోళ్లు ఎవలు లేరేమో!"

నేహ పప్పు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఉన్నడు. ఆయనకు తీరిక లేదు" అంది.

లోపలికి వెళ్లి, ఉల్లిపొర రంగు ముక్క తెచ్చి కంచం పక్కన పెట్టింది. గౌరవ్ ఎంగిలి చేయి కడుక్కుని దాన్ని అందుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? ఎండలో చూడడానికి బయటికి నడిచాడు. అక్కణ్ణుంచి మెట్లెక్కి మేడ మీదికి వెళ్లాడు. చాలాసేపు కిందికి రాలేదు. వచ్చేసరికి ముఖం ఆ ముక్క రంగులోనే ఉంది.

"గిది మన దుకాన్ల గుడ్డనే."

"అవును."

"నన్నే అడగొచ్చు గద నేహా?"

"అడిగిన గద. జవాబు గూడ ఇచ్చిండ్రు. ప్రియమిత్రమా అని."

మర్నాడే హన్మాండ్లు ఉల్లిపొర రంగు డబ్బాలతో వచ్చాడు. దసరాకు మేడ మీద మంచం పడింది. పొద్దున కిటికీలోంచి వెలుగు వచ్చి ఆ గోడల మీద పడుతుంటే నేహ కూర్చుని కళ్లనిండా చూసుకుంటోంది. కాబట్టి పాఠకులారా, కవచాలకు రంగులు మార్చడం లోకానికీ ఇంటికీ మేలు చేసేదని నిరూపణ అయింది. ఇంకా అనుమానం ఉన్నవాళ్లు నాందేడ్ వచ్చి ఆ గదిని పగటి వెలుగులో చూసుకోవచ్చు.

ఒక్క చిన్న సంగతి మిగిలింది. నేహ ఆ దొర ఖాతాను మూసెయ్యలేదు. వంటింట్లో కుళాయి కారుతోందని ఇంట్లో చెప్పి చెప్పి, చివరికి మొన్న దొర పేరు మీద రాసింది. 'ప్రియమిత్రమా, ఇప్పుడే చూస్తాను' అని జవాబొచ్చింది, వెనకాలే పానా పట్టుకుని గౌరవ్ వచ్చాడు.

అది చూసిన లీలాబాయి, కోడలిని మెల్లగా పక్కకు పిలిచింది.

"బిడ్డా, నాకు గూడ గసొంటి దొర పేరు ఒకటి పెట్టియ్యవా? అద్దాల సంగతి అడగాలె."