తిప్పేస్వామి గారి వడ్డన సంస్కరణ

ధర్మవరం పట్టణంలో భార్య భోంచేశాకే భర్త భోంచేయాలనే మహత్తర సంస్కరణ 1962లో అమల్లోకి వచ్చింది. దానికి మూలపురుషులు పట్టుచీరల వర్తకులు, ఉత్తమ చలనచిత్ర సంఘం అధ్యక్షులు శ్రీ తిప్పేస్వామి గారు. వారికి ఈ ఆలోచన ప్రాణభయం వల్ల కలిగిందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లు ఒక్కోసారి నిజమే చెబుతారు.

సంగతేమిటంటే, సంఘం తరఫున బెంగళూరు నుంచి ఒక విదేశీ చిత్రం తెప్పించారు. గొప్ప కళాఖండమట. అందులో ఒక ఇల్లాలు మొగుడికి వండిపెడుతుందని పంపినవాళ్లు చెప్పారు. అంతమాత్రం చాలదా! తిప్పేస్వామి గారు బొమ్మ చూడకుండానే ఉపన్యాసం సిద్ధం చేసుకుని, ఊళ్లో ఆడవాళ్లందరికీ ఉచిత ప్రవేశం ప్రకటించారు.

"అమ్మలారా! భర్త ఆకలే తన ఆకలిగా భావించే ఈ మహాసాధ్విని చూడండి! చూసి నేర్చుకోండి! ఇంటికి పోయి ఆచరించండి!" అని హాలు దద్దరిల్లేలా చెప్పి, వచ్చి భార్య కుళ్ళాయమ్మ పక్కన కూర్చున్నారు.

తెరమీద ఇల్లాలు చాలాసేపు ఎర్రగడ్డలు తరిగింది. మగవాళ్లు కునుకు తీశారు. తర్వాత తన మొగుడు వేరే ఆమె గడప తొక్కడం కిటికీలోంచి చూసింది. ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఆమె కళ్లు తుడుచుకుని, కమ్మగా కూర వండి, చిటికెడు ఏదో పొడి కలిపి, నవ్వుతూ వడ్డించింది. మొగుడు లొట్టలేసుకుంటూ తిని, కంచంలోనే తలవాల్చి చచ్చాడు. ఆమె కంచం కడిగి బోర్లించింది. అంతే, సమాప్తం. భాష ఒక్క ముక్క తెలియకపోయినా ఆడవాళ్లకు కథ మొత్తం బోధపడింది.

వాళ్ల చప్పట్ల మధ్య కుళ్ళాయమ్మ మొగుణ్ణి మెల్లగా అడిగింది: "హిందూపురంలో ఆదిలక్ష్మి కూరలో ఉప్పు సరింగా ఏస్తాదా?"

పట్టునూలు కొనే నెపంతో తాను హిందూపురంలో ఎవరింట భోంచేస్తారో పెళ్లానికి తెలియదని తిప్పేస్వామి గారి గట్టి నమ్మకం. అది అక్కడికక్కడే కన్నుమూసింది.

మర్నాడు రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కంచంలో పెట్టి కుళ్ళాయమ్మ నవ్వింది. వడ్డించేటప్పుడు ఆమె నవ్వడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ముందు నువ్వు తిను," అన్నారు.

"అయ్యో, మొగోడు తినకముందే నేనెట్ల తినేది? చూసినోళ్లు ఏమంటారు?"

"ఎవురేమన్నా అననీ! నువ్వు తినాల్సిందే!"

ఆమె తింటుంటే, ఒక్కో ముద్దా గొంతు దిగేదాకా ఆయన గుడ్లప్పగించి చూస్తుండగా, పక్కింటి ఎర్రప్ప వచ్చాడు.

"ఇదేమప్పా, ఇట్ల కూచోండావు?"

నిజం చెబితే అధ్యక్ష పదవి, పరువు, రెండూ గంగలో కలుస్తాయి. తిప్పేస్వామి గారు గొంతు సవరించుకుని, "స్త్రీజనోద్ధరణ!" అన్నారు.

ఎర్రప్పకు బత్తలపల్లిలో ఒక ఇంటికి రాకపోకలున్నాయి. అతనూ ఆ పూటే స్త్రీజనోద్ధరణ మొదలుపెట్టాడు. చూస్తుండగానే వీధులకు వీధులే ఉద్ధరణకు నోచుకున్నాయి. ఊళ్లో ఇంతమంది సంస్కర్తలున్నారని ఎవరూ అనుకోలేదు. హిందూపురం ప్రయాణాలు మాత్రం యథావిధిగా సాగాయి.

తిప్పేస్వామి గారికి శాలువా కప్పిన సన్మాన సభలో, ఇంకా తానే ముందు తింటున్న ఏకైక ఛాందసుణ్ణి, మగ్గం నేసే ఈరన్నను, లేపి నిలబెట్టారు.

"ఆడవాళ్లంటే గౌరవం లేదా నీకు?" అని తిప్పేస్వామి గారు గద్దించారు.

ఈరన్న బిత్తరపోయాడు. "నేనేం తప్పు చేసినానని భయపడల్ల సామీ?"

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఈరన్న స్త్రీద్వేషి అని పెద్దమనుషులు ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టారు. తిప్పేస్వామి గారి పరువు నిలబడింది.

బయటికొచ్చాక కుళ్ళాయమ్మ, ఈరన్న పెళ్లాం పుట్టమ్మ చేయి పట్టుకుంది. "అదృష్టవంతురాలివే నువ్వు. నేనేమీ కలపలే, కలిపేదాన్నీ కాదు. అయినా నా చేతి కూడు చూసి ఆ మనిసి భయపడ్తాంటే కడుపు తరుక్కుపోతాదే."

పుట్టమ్మ చేయి విడిపించుకుంది. "మీకేమక్కా! మొగుడు చెడ్డోడు, ఏడేడి సంగటి తింటాండారు. మావోడు మంచోడైపాయ. నాకిప్పుడు గూడా సల్లారిపోయిన సంగటే."