సాయికుమార్ పైపెదవి

దెబ్బ తగిలినంత మాత్రాన అది దెబ్బ అయిపోదు. బాధ్యతగల పెద్దమనిషి ఒకరు కళ్లారా చూసి, సరే, ఇది దెబ్బే అని ఒప్పుకోవాలి. నాగరిక సమాజం నడిచేది ఈ సూత్రం మీదే. పాపం, యాదలక్ష్మికి ఈ సంగతి తెలియదు. మూడేళ్ల కొడుకు సాయికుమార్ గడప తగిలి బోర్లా పడ్డాడు. పైపెదవిని చిగుళ్లకు పట్టి ఉంచే సన్నటి పొర చిరిగి నోరంతా రక్తమైంది. ఆమె పెదవి మీద తడిగుడ్డ అదిమి పట్టుకుంది. కాసేపటికి రక్తం ఆగింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు తెలంగాణ బంద్. (ఆ ఏడాది బంద్ లేని రోజుకే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.) నల్లగొండ పల్లె నుంచి వచ్చిన యాదలక్ష్మికి బంద్ పరాయిదేమీ కాదు, మొన్నటి ర్యాలీలో గొంతు పోయేదాకా నినాదాలిచ్చిన మనిషే. కానీ పిల్లాడి పళ్లు కదిలాయేమోనని ప్రాణం కొట్టుకుంటుంటే ఇంట్లో ఎట్లా కూర్చుంటుంది? పక్కింటి కొమరయ్య ఆటోలో చైతన్యపురి నుంచి ఎల్బీ నగర్ దవాఖానకు బయలుదేరింది.

కొత్తపేటలో నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. పులిహోర కలుపుతున్న అత్యవసర మినహాయింపుల ఉపసంఘం కన్వీనర్ లేచి వచ్చి, మినహాయింపు రక్తం కారుతున్నవాళ్లకేనని వినయంగా తెలియజేశాడు. పసుపు వేళ్లతోనే పెదవి ఎత్తాడు. పొర మళ్లీ చిరిగింది, రక్తం బొటబొటా కారింది. నిజమేనని తృప్తిపడి దారిచ్చాడు. ఆకులో ఇంత పులిహోర కూడా పెట్టించాడు. (మనసున్న మనిషి.)

ఎల్బీ నగర్ చౌరస్తాకు వచ్చేసరికి రక్తం ఆగిపోయింది. పేషెంట్ల వేషంలో ఆందోళనకారులు తిరుగుతున్నారని పోలీసులకు సమాచారం ఉంది. శాంతిభద్రతల దృష్ట్యా ఎస్సై పెదవి ఎత్తాడు. పిల్లాడి కేకకు కొమరయ్య తల తిప్పుకున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. రక్తం కారుతుంటే క్యాజువాలిటీ, ఆగితే సోమవారం పళ్ల డాక్టర్ అన్నది దవాఖాన కౌంటర్ నిబంధన. ఏదో తేల్చడానికి గుమాస్తా ఎత్తాడు. గుమాస్తా మాట మీద నమ్మకం లేక నర్సు ఎత్తింది. చూడకుండా రాయకూడదు కాబట్టి హౌస్ సర్జన్ ఎత్తాడు.

చివరికి డాక్టర్ భానుమూర్తి వచ్చారు. ఆయన పెదవి జోలికి పోలేదు. ఏడుస్తున్న నోట్లోకి తొంగిచూసి, వేలితో పళ్లు మెల్లగా కదిపారు.

"పళ్లు గట్టిగానే ఉన్నాయమ్మా. ఆ పొరకి కుట్లు కూడా అక్కర్లేదు, దానంతటదే మానిపోతుంది. చల్లటివి పెట్టండి. పెదవి మాత్రం ఎత్తి చూడొద్దు, ఎత్తినప్పుడల్లా మళ్లీ చిరుగుతుంది. ఎవరమ్మా ఇన్నిసార్లు ఎత్తింది?"

"ఉద్యమం ఎత్తింది, సర్కారు ఎత్తింది, మీ దవాఖాన ఎత్తింది సారూ. నేనొక్కదాన్నే ఎత్తలే."

తిరుగుదారిలో చౌరస్తా దగ్గర కానిస్టేబుల్ ఆటో ఆపాడు. ఈసారి ఎవడైనా నా బిడ్డ మూతి మీద చెయ్యేస్తే చెయ్యి విరిచేస్తానని యాదలక్ష్మి కొంగు బిగించింది. ఆమె నోరు తెరిచేలోపే, ఒళ్లో ఉన్న సాయికుమార్ రెండు చేతులతో తన పెదవి తనే ఎత్తి పట్టుకున్నాడు. రక్తం కారింది.

"అడగకముందే చూపిస్తున్నడు, మంచి బుద్ధిమంతుడు," అని మెచ్చుకుని కానిస్టేబుల్ దారి వదిలాడు.