హాల్లో సముద్రం, వాషింగ్ మెషీన్ వెనక మామగారు

ఇల్లు బాగుచేయించుకుంటున్నారా? అయితే నా మాట వినండి. ముందు వంటగది పడగొట్టించండి. కొత్తది కట్టించేలోపు హాల్లో ఒక సముద్రం పెట్టించండి. సంసారం దారిన పడటానికి ఇంతకు మించిన ఉపాయం లేదని పెనాంగ్‌లో మా ఇంట్లో, సిమెంటు బస్తా మీద కూర్చుని బల్లగుద్ది చెబుతున్నాను. బల్ల దుమ్ములో ఎక్కడుందో కనబడటం లేదు కాబట్టి బస్తానే గుద్దుతున్నాను.

సముద్రమంటే గాజు గిన్నెలో రెండు ఎర్రచేపలనుకునేరు! మనిషి పొడవుకి ఇంకో సగం కలిపినంత గాజుతొట్టె. అందులో ఉప్పునీళ్లు, బతికున్న పగడాలు. వాటికి ఎండ కాయడానికి నీలం దీపాలు, అలలు పుట్టించడానికి మోటార్లు, నీళ్లు చల్లబరచడానికి ఒక యంత్రం. అసలు సముద్రం మీ వీధి చివరే ఉంది కదా అంటారా? ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అదే దాని లోపం!

మా ఆయన తేక్ హ్వాకి ఈ ఆలోచన పుట్టేసరికి మా వంటగది గోడలు కూలి మూడు రోజులైంది. మేస్త్రీ సెంగ్ వచ్చి ఇల్లంతా కలయజూశాడు.

"రెండు టన్నుల బరువు సార్. మీది తాతలనాటి ఇల్లు, ఈ నేల మోయదు. రాతి దిమ్మ ఉన్నది ఒక్క చోటే. అదిగో, పెద్దల పీఠం కింద," అన్నాడు.

పెద్దల పీఠం మీద పోయిన మా మామగారి ఫోటో, ఆయన తల్లిదండ్రుల పేర్లు చెక్కిన పలకలు, అగరుబత్తుల గిన్నె ఉంటాయి. గుమ్మంలోకి ఎవరొచ్చినా మొదట కనబడేది మామగారే. నలభై ఏళ్లు బజార్లో చేపలమ్మి ఈ ఇల్లు నిలబెట్టిన మనిషి. మా అత్తగారు రోజూ పొద్దున్నే ఆయన ముందు కాఫీ పెట్టాకే తాను తాగుతారు.

"ఆయన్ని కదపాలంటే ఆయన్నే అడగాలిరా," అన్నారు అత్తగారు.

అడగటం మాకు కొత్తేం కాదు. ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా ఉండే నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు ఫోటో ముందు నేల మీద వేస్తాం. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే 'సరే' అన్నట్టు. రెండూ బోర్లా పడితే 'వద్దు'. రెండూ వెల్లకిలా పడితే మమ్మల్ని చూసి నవ్వుతున్నారన్నమాట.

మా ఆయన వేశాడు. వద్దు. "నాన్నకి సరిగా వినబడలేదు," అని మళ్లీ వేశాడు. వద్దు. మూడోసారి నవ్వారు. నాలుగోసారీ నవ్వారు. అయిదోసారి వద్దన్నారు. ఆరోసారికి పాపం, చేతులెత్తేశారు.

"చూశావా అమ్మా! నాన్న ఒప్పుకున్నాడు. ఇంక నువ్వేం మాట్లాడకు!"

అలా మామగారు వాషింగ్ మెషీన్ వెనక్కి మారారు. బట్టలు తిరిగేటప్పుడల్లా ఫోటో ఊగుతుంది. అది తల ఊపడమేనని మా ఆయన వాదన.

తొట్టె వచ్చాక మా ఇంటికి ఎంత క్రమశిక్షణ వచ్చిందో! దోమల చుట్ట వెలిగించకూడదు, పగడాలకి పడదు. మిరపకాయలు వేయించకూడదు. అగరుబత్తి పొగ అసలే కూడదు. అందుకని మా ఆయన ఎర్రబల్బుల అగరుబత్తులు తెచ్చి ప్లగ్గులో గుచ్చాడు. స్విచ్చి వేస్తే రెండు తరాలవాళ్లు దీవిస్తారు, కట్టేస్తే ఊరుకుంటారు. ఎంత సుఖం!

సిమెంటు దుమ్ము కూడా పడదు కాబట్టి వంటగది పని ఆగిపోయింది. "నీళ్లు పక్వానికి రావాలే. తొందరపడితే అంతా పాడవుతుంది," అన్నాడు నాతో. కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి! రెండు నెలలపాటు చుట్టాలొచ్చి ఉత్త నీళ్లు చూసి, బాగున్నాయని చెప్పి వెళ్లారు. నీళ్లు లోపల చల్లగా ఉన్నాయి. అత్తగారూ నేనూ వీధి అరుగు మీద ఒంటిపొయ్యి పెట్టుకుని, చెమటలు కక్కుతూ వండాం.

అన్నిటికన్నా పెద్ద లాభం, మా ఆయనకి ఉప్పంటే ఏమిటో తెలిసొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతున్నాను, ఒక్కసారైనా ఫోన్‌లోంచి తలెత్తాడా? ఇప్పుడు రోజుకి మూడుసార్లు గాజుగొట్టంలో నీళ్లు పట్టి, ఒంటికన్ను మూసి, ఉప్పు కొలుస్తున్నాడు. "ఈ నీళ్లలో ఒక్క మందు చుక్క పడలేదండీ. అసలు సముద్రం కూడా ఇంత శుభ్రంగా ఉండదు!" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

చివరికి చేపలొచ్చాయి. చారలవి ఆరు, నీలంది ఒకటి, తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలున్న ఎలుకమూతి చేప ఒకటి. నెల తిరిగేసరికి చారలవి నాలుగయ్యాయి. ఆ తర్వాత రెండు. మా ఆయన గొట్టాల్లో వెతికాడు, రాళ్లు కదిపాడు, పిల్లిని అనుమానించాడు. మాకు పిల్లి లేదు! అత్తగారు తొట్టెకేసి ఒక్కసారి చూశారు.

"ఆ ఎలుకమూతి దాని పొట్ట చూడరా."

"అది సాధువమ్మా. అక్వేరియం కొట్టువాడు చెప్పాడు."

"చేపలవాడి కొడుకువై ఉండి, చేప సంగతి కొట్టువాడిని అడిగావా?"

ఏడాది తిరిగింది. చేప పళ్లెం పట్టనంత అయింది. వంటగది మాత్రం రాలేదు, పగడాలు చిగురిస్తున్నాయి కదా! ఇంతలో మామగారి తద్దినం వచ్చింది.

"వాషింగ్ మెషీన్ వెనక నేను పెట్టను," అన్నారు అత్తగారు. ఫోటోని గుండెకి ఆనించుకుని హాల్లోకి తెచ్చి, తొట్టె ముందు స్టూలు వేసి నిలబెట్టారు. బల్బులు కాదు, నిజం అగరుబత్తులు వెలిగించారు. మా ఆయన పరుగెత్తి తొట్టె మూత బిగించాడు.

పంది మాంసం పులుసు, వేయించిన కానాగంత చేపలు, అన్నం, ఒక గ్లాసు బీరు. అగరుబత్తులు సగం కాలాక, భోజనం అయిందా అని చెక్కలు వేసి అడగాలి. అడిగారు. రెండూ బోర్లా. బీరు చల్లగా లేదా? రెండూ బోర్లా. కారం చాల్లేదా? అదీ కాదు.

అత్తగారు తలెత్తారు. గాజు అవతల ఎలుకమూతి చేప ఆవిడనే చూస్తోంది.

"నలభై ఏళ్లు ఈ చేపని షావుకార్ల ఇళ్లకి మోశారు," అన్నారు ఫోటోతో. "ఒక్క ముక్క నోట్లో వేసుకున్న పాపాన పోలేదు. మన ఇంటికేమో అమ్ముడుపోని కానాగంతలు తెచ్చేవారు. ఇదేనా మీకు కావలసింది?"

ఒకటి బోర్లా. ఒకటి వెల్లకిలా.

"అమ్మా! ఇంకోసారి వెయ్యి. నాన్నకి సరిగా వినబడలేదు!"

"బాగానే వినబడింది. నీకు ఆరుసార్లు పట్టింది, నాకు ఒక్కసారికే చెప్పారు."

"అది తినే చేప కాదమ్మా, మందులూ అవీ..."

"ఒక్క మందు చుక్క పడలేదని ఊరందరికీ చెప్పింది నువ్వే కదరా? వల తీసుకురా."

అల్లం, ఉల్లికాడలు వేసి అరుగు మీదే ఆవిరికి ఉడికించాను. తలకాయ ఫోటో వైపు తిప్పి పెట్టాం. అత్తగారు చెక్కలు వేశారు. భోజనం అయిందన్నారు మామగారు.

ఆయన తిన్నాక మిగిలింది మాకు. మా ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. అలవాటుకొద్దీ అడిగాను, "ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇది ఇంత బాగుంటుందని నాన్నకి తెలీనే తెలీదు."

అత్తగారు మళ్లీ చెక్కలు చేతిలోకి తీసుకున్నారు. "ఇంకొక్కటి అడగాలి," అని తొట్టె కిందున్న రాతి దిమ్మకేసి చూశారు.

"వద్దమ్మా, అడగకు," అన్నాడు మా ఆయన. "నేనే తీయిస్తాను."

మామగారు ఇప్పుడు గుమ్మానికి ఎదురుగా ఉన్నారు. సెంగ్ వంటగదికి ఇటుకలు దింపుతున్నాడు. అయినా మళ్లీ చెబుతున్నాను, హాల్లో సముద్రం లేని ఇల్లు ఇల్లే కాదు! కావలసినవాళ్లు త్వరగా రండి. మాది అరుగు మీద ఉంది, దీపాలూ మోటార్లతో సహా ఊరికే ఇచ్చేస్తాం. బయల్దేరేముందు మీ పెద్దల్ని అడగండి. ఒక్కసారే అడగండి.