ఇక పైన నువ్వు చూసుకో

గడియారాల కొట్టు తలుపు లోపలివైపు చాక్‌పీసుతో రాసిన ఆనాటి పనులు ఇవి: అయిదింటికి లేవాలి. అరగంట మెలకువగా ఉండాలి. మళ్లీ పడుకోవాలి. కల రావాలి. అది కలేనని కలలోనే కనిపెట్టాలి. నాన్నని పిలవాలి. స్తంభం గడియారం ఎందుకు ఆగిపోతోందో అడగాలి. పదింటికి ఇంజనీరమ్మ వచ్చేలోగా బాగుచెయ్యాలి. అన్నిటికన్నా కింద వేరే దస్తూరీలో "బట్టల సబ్బు మర్చిపోకండి" అని ఉంది. అది భార్య రాసింది.

పై పనులన్నీ రాసుకున్నవాడిని అందరూ గడియారాలాయన అంటారు. బజారు మధ్యలో ఉన్న గడియార స్తంభం మూడు తరాలుగా వాళ్ల ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. తండ్రి ఉన్నన్నాళ్లూ అది ఒక్క నిమిషం తప్పలేదు. ఆయన పోయిన మూడో వారం నుంచి తంటా మొదలైంది. ఎప్పుడు తిప్పి వదిలినా పెద్దముల్లు సరిగ్గా అరగంట గీత దగ్గరికి వచ్చి మొరాయించేది. ఆరున్నర కావచ్చు, పదకొండున్నర కావచ్చు, ఆ గీత మాత్రం దాటదు. మూడు నెలలుగా కొడుకు ఆ యంత్రాన్ని విప్పాడు, కడిగాడు, నూనె పెట్టాడు, బిగించాడు. లోపల ఏ లోపమూ లేదు. పెద్దాయనకు ఏదో కిటుకు తెలుసు, చెప్పకుండానే పోయాడు. ఆఖరి రోజు కొడుకు చెయ్యి పట్టుకుని "ఇక పైన నువ్వు చూసుకో" అన్నాడంతే. చుట్టూ ఉన్నవాళ్లందరూ కళ్లొత్తుకున్నారు.

పట్టణ కార్యాలయం వాళ్లకు ఓపిక నశించింది. ఇవాళ ఇంజనీరమ్మ కళ్లెదుట ముల్లు అరగంట గీత దాటకపోతే పాత యంత్రాన్ని పాత ఇనుములో వేసి కరెంటు గడియారం పెడతారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి గడియారాలాయనకు అన్నం సయించలేదు.

"నాన్నకే తెలియాలి" అని వారం కిందట నిట్టూరిస్తే, పక్కనే పుస్తకం పెట్టుకుని కూర్చున్న మేనకోడలు తలెత్తింది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. చదివిందేదీ వృథా పోనివ్వదు.

"అయితే తాతయ్యని కల్లో అడుగు మామయ్యా."

"కల నా చేతిలో ఉంటుందిటే?"

"ఇది కలేనని కల్లోనే తెలిసిందనుకో, ఇక నీ ఇష్టం. ఎవర్నైనా పిలవచ్చు. ఎగరచ్చు కూడా. కాకపోతే వేళ చూసుకోవాలి. నిద్ర గంటన్నరకో చుట్టు తిరుగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ. అప్పుడు నిన్ను మంచంతో సహా మోసుకెళ్లినా తెలీదు. రెప్పల కింద కళ్లు గబగబా కదిలే నిద్ర ఇంకోటుంది, గట్టి కలలన్నీ దాంట్లోనే. మొదట్లో అది పది నిమిషాలు కూడా ఉండదు. తెల్లారే వేళకి అరగంట, ముప్పావుగంట సాగుతుంది. అందుకని అయిదింటికి లేచి, కాసేపుండి మళ్లీ పడుకుంటే దాంట్లోకి తొందరగా జారతావు."

"అంటే ముందంతా స్ప్రింగు చుట్టడం, గంట కొట్టేది చివర్లోనన్నమాట."

గడియారాలాయనకు తన పనిలోంచి ఒక పోలిక దొరికిందంటే నమ్మకం కుదిరినట్టే.

"మరి కలో నిజమో తెలిసేదెలా?"

"రెండు పరీక్షలు. గడియారం చూడు, తల తిప్పి మళ్లీ చూడు. కలైతే టైము మారిపోతుంది. రెండోది, ముక్కు మూసుకుని ఊపిరి పీల్చు. ఆడితే కలే."

నోరు కూడా మూసుకోవాలని ఆ పిల్ల చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఎవరనుకుంటారు?

మర్నాటి నుంచి సాధన మొదలైంది. ఒక్క అలారం మీద నమ్మకం లేక మూడు పెట్టాడు. ఆరు రోజులు గడిచినా ఆయనకు కల రాలేదు, భార్యకు నిద్ర లేదు. ఆరోనాడు ఆవిడ దుప్పటి మడిచి చేతికిచ్చింది.

"మీ నాన్నగారు నా కల్లోకి వచ్చారండీ."

"వచ్చారా! ఏమన్నారు?"

"వీణ్ణి కొట్లో పడుకోబెట్టు తల్లీ, అన్నారు."

అలా ఏడో రోజు అయిదింటికి గడియారాలాయన కొట్లో లేచాడు. అరగంట మెలకువగా గడిపి, స్తంభం దగ్గరికి వెళ్లి గడియారం తిప్పి వదిలి, తిరిగొచ్చి బల్లమీద వాలాడు. ఆరున్నర దగ్గర అది ఆగేసరికి ఆయన గుర్రు పెడుతున్నాడు. ఆ నిద్ర ఎన్నో చుట్టుకు చేరిందో గానీ, ఎవరో తలుపు దబదబా బాదుతుంటే కళ్లు తెరిచాడు. గుమ్మంలో ఫైలు పట్టుకుని ఇంజనీరమ్మ నిలబడి ఉంది.

"పదైందండీ. గడియారం ఆరున్నర దగ్గరే ఉంది. ఏమంటారు?"

గడియారాలాయన గోడవైపు చూశాడు. రెండుంపావు. తల తిప్పి మళ్లీ చూశాడు. ఏడు. ఇంకోసారి చూశాడు. పన్నెండుకి అయిదు. ఈ పరీక్ష ఎవరికైనా పనికొస్తుంది, నలభై పాడైన గడియారాలు గోడకు వేలాడదీసుకున్నవాడికి తప్ప. అనుమానం తీరడానికి ముక్కు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి ఊపిరి పీల్చాడు. హాయిగా ఆడింది.

"వచ్చేసింది!" అని గంతేశాడు. "మేడమ్, మీరు నా కల!"

"ఏమిటీ?"

"అవునండీ. వారం రోజుల్నుంచి మీకోసమే పొద్దున్నే లేచి పడుకుంటున్నాను. కాదు కాదు, మా నాన్నకోసం. ముందు మీరెందుకొచ్చారో!"

ఎదురు కొట్లో బట్టలు కుట్టే టైలరు చెవిన పడింది మొదటి రెండు ముక్కలే. అతను వెంటనే ఫోను తీశాడు. "వదినా, అన్నయ్య ఇంజనీరమ్మని పట్టుకుని మీరు నా కల అంటున్నాడు. వారం నుంచీ నడుస్తోందిట."

ఇక్కడ గడియారాలాయనకు ఎన్నడూ లేని ధైర్యం వచ్చింది. "మూడు నెలల్లో పదకొండు నోటీసులిచ్చారు. ఒక్కసారైనా ఆ మెట్లెక్కి చూశారా?" అంటూ ఆవిడ చేతిలో ఫైలు లాక్కుని గాల్లోకి విసిరాడు. కాగితాలు గాల్లోనే తేలుతాయనుకున్నాడు. అన్నీ నేలమీద పడ్డాయి. కల చాలా నాణ్యంగా ఉందనుకుని, "నాన్నా, వస్తున్నా!" అంటూ స్తంభం వైపు పరుగెత్తాడు. కాగితాలు ఏరుకోవడం మానేసి ఇంజనీరమ్మ వెనకాల పడింది.

తడిచేతులతో వచ్చిన భార్యకు, ఆవిడ వెంటే వచ్చిన మేనకోడలికి కనిపించింది ఖాళీ కొట్టు, నవ్వాపుకుంటున్న టైలరు.

"ఎక్కడ?" అంది భార్య.

"ఇద్దరూ స్తంభం ఎక్కారు వదినా. అన్నయ్య ముక్కు మూసుకుని గంతులేశాడు."

మేనకోడలి మొహం పాలిపోయింది. "అత్తయ్యా, ఇది కలనుకుంటున్నాడు! కల్లో ఎగరచ్చని నేనే చెప్పాను!"

స్తంభంలో యంత్రాల గది దాకా గడియారాలాయన రోజూ గోడను కరుచుకుని ఎక్కేవాడు. ఆ పైన, డయలు ముందున్న సన్నటి గట్టుమీదికి తెరుచుకునే చిన్న తలుపుంది. దాని జోలికి మాత్రం జన్మలో పోలేదు. ఎత్తంటే ఆయనకు ప్రాణం పోతుంది. తండ్రి గట్టుమీదికి వెళ్తే ఇతను లోపల కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఇవాళ ఆ తలుపు తోసి, పెరట్లోకి వెళ్లినట్టు వెళ్లాడు.

"మామయ్యా, ఎగరకు!" కింద నుంచి మేనకోడలు అరిచింది. ఆయన చెయ్యి ఊపాడు.

నాన్న అక్కడ లేడు. అరగంట గీతకు సరిగ్గా కింద, గట్టుమీద, ఒక పావురం గూడుంది. పుల్లలు, ఇనుప తీగముక్కలు, మధ్యలో రెండు గుడ్లు. పెద్దముల్లు కొస ఆ తీగల్లో చిక్కుకుని ఉంది. గట్టు చివర ఒక పాత గోడగడియారం చెక్కపెట్టె మేకులతో బిగించి ఉంది. అందులో గడ్డి పరిచి ఉంది. పైన పెద్దాయన దస్తూరీలో రంగుతో రాసి ఉంది: "ముందు గూడు ఇందులోకి. తర్వాత ముల్లు."

చదివాడు. తల తిప్పుకుని మళ్లీ చదివాడు. ఒక్క అక్షరమూ మారలేదు. పెదాలు బిగించి ముక్కు మూసుకున్నాడు. ఊపిరాడలేదు.

ఉన్నచోటే చతికిలబడ్డాడు. అప్పుడు తోచింది, తండ్రి అన్నది ఇకపైన అని కాదు. "ఇక, పైన నువ్వు చూసుకో." అంత ముఖ్యమైన మాటలో అందరూ కలిసి ఒక విరుపు మింగేసి ఏడ్చారు.

కిందికి చూడకుండా గూడు రెండు చేతులతో ఎత్తాడు. పావురం మణికట్టుమీద రెండు పోట్లు పొడిచింది. గుడ్లు కదలకుండా గూటిని పెట్టెలో పెట్టి, ముల్లుకు చుట్టుకున్న తీగ విడదీసి, గోడకు అతుక్కుపోయాడు.

"మేడమ్, లోపలున్నారా?"

"ఉన్నాను," ఆయాసపడుతూ పలికింది ఇంజనీరమ్మ.

"లోలకాన్ని ఒక్క తోపు తొయ్యండి."

తోసింది. టక్. టక్. చిన్న తలుపులోంచి తల బయటపెట్టి ఆవిడ చూస్తుండగానే పెద్దముల్లు ఒక్క వణుకు వణికి గీత దాటింది.

గడియారం కదిలింది గానీ గడియారాలాయన కదల్లేదు. ఇంజనీరమ్మ బతిమాలింది, కింద టైలరు దుప్పటి పరిచాడు. అరగంట తర్వాత ఇంజనీరమ్మని పక్కకు తప్పించి భార్య చిన్న తలుపులోంచి తొంగిచూసింది.

"నేను కలనా, నిజమా?"

"నిజమే," అన్నాడు కళ్లు తెరవకుండా.

"అయితే సబ్బేదీ?"

గడియారాలాయన బుద్ధిగా లోపలికి పాకాడు.

ఇంజనీరమ్మ తన నివేదికలో "యంత్రంలో లోపం లేదు. మూడు నెలలుగా ఎవరూ పైకి ఎక్కి చూడలేదు, నాతో సహా" అని రాసింది. పాత యంత్రం అక్కడే ఉండిపోయింది. గడియారాలాయన నెలకోసారి నడుముకు తాడు కట్టుకుని గట్టుమీదికి వెళ్తాడు. పొద్దున అయిదింటికి లేచి మళ్లీ పడుకోవడం మాత్రం మానలేదు. అడగాల్సిందేమీ లేదట, గుడ్లు పిల్లలయ్యాయని చెప్పాలట.

మీరెప్పుడైనా ఆ స్తంభం కింద నిలబడి టైము చూసుకుంటే, పావురానికి పెట్టె కట్టిన ఆ పెద్దాయన్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆయన కొడుకు కనిపిస్తే సబ్బు సంగతి గుర్తుచెయ్యండి.